వీరాంగన, అపహృత, పీడిత: యుద్ధానంతరము స్త్రీకి పెట్టిన పేర్లు, ఆమె ఆరోగ్యరక్షణ

సంస్కృతమునుండి తెలుగునకును బంగాళీకిని సమానముగా సంక్రమించిన రెండు పదములు కలవు: వీరాంగన, వారాంగన. మొదటిది వీరవనితను చెప్పును. రెండవది వేశ్యను చెప్పును. రెంటికిని నడుమ గల భేదము ఒక్క అచ్చు మాత్రమే. 1971 డిసెంబరులో బంగ్లాదేశ విమోచనయుద్ధము ముగిసిన కొద్ది దినములకే, యుద్ధకాలమున బలాత్కారమునకు గురియైన స్త్రీలకు ఆ నూతనరాజ్యము 'వీరాంగన' అను బిరుదము నొసగెను. బంగాళీ ఉచ్చారణలో అది 'బీరాంగొనా'. గౌరవించుటకై పెట్టిన ఆ పేరే పెక్కుచోట్ల ఇరుగుపొరుగువారి నోట 'బారాంగొనా'గా మాఱి ఎత్తిపొడుపు మాట యయ్యెను. అనేకులు ఆ పేరును దాచుకొనిరి. పేరును దాచుకొనవలసి వచ్చినవారికి ఆ పేరుతో ముడిపడిన సహాయమును దూరమైనది.

సాయుధసంఘర్షణలు స్త్రీల ఆరోగ్యమునకును భద్రతకును కలిగించు హానిని గూర్చి వైద్యులును, న్యాయవేత్తలును, చరిత్రకారులును విస్తారముగా వ్రాసియున్నారు. భాషాపరిశోధకుల దృష్టి అంతగా పడని అంశ మొకటి అందు మిగిలియున్నది. హాని జరిగిన పిమ్మట ఆ స్త్రీని రాజ్యము ఏ పేరుతో పిలిచినది? ఆ హానిని చెప్పుకొనుటకు ఆమె భాషలో ఏ మాటలున్నవి? ఈ ప్రశ్నలు నిఘంటువునకు మాత్రమే సంబంధించినవి కావు. ఆమెకు చికిత్స దొరకుట, ఆమె నివాసము, పుట్టిన బిడ్డ పెంపకము, పరిహారమునకు అర్హత - ఇవన్నియు చాలవఱకు ఆ పేరుమీదనే ఆధారపడియున్నవి. దక్షిణాసియాలో 1946 మొదలు 2006 వఱకు వేర్వేఱు కాలములందు జరిగిన నాలుగు సంఘర్షణలను - పంజాబు విభజన, హైదరాబాదు సంస్థానము, బంగ్లాదేశము, నేపాళము - ఈ దృష్టితో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశ్యము.

1. హాని స్వరూపము, కాలపరిమితి

యుద్ధమున స్త్రీకి కలుగు హాని రెండు విధములు. లైంగికహింస వలన కలుగు గాయములు, అంటురోగములు, అవాంఛితగర్భము, దీర్ఘకాలము వెన్నాడు భయము, నిద్రలేమి మొదలగునవి ప్రత్యక్షహాని. ఊరు విడిచి పోవుట, ఆస్పత్రులు మూతపడుట, కాన్పుకు మంత్రసానియైన దొరకకుండుట, తిండియు మంచినీరును కఱవగుట పరోక్షహాని. కాల్పులు జరుగుచున్నవని గర్భిణికి నెలలు నిండుట ఆగదు. ఈ రెండవ విధమైన హానివలన మరణించినవారు యుద్ధమృతుల పట్టికలలో సాధారణముగా చేరరు. వారి మరణమునకు రక్తహీనత యనియో, సూతికాజ్వరమనియో, విరేచనములనియో వేఱు కారణము వ్రాయబడును.

1971లో తూర్పు బంగాళమునుండి సుమారు 1 కోటిమంది శరణార్థులు భారతదేశమునకు వచ్చిరి. శిబిరములలో కలరా వ్యాపించెను. సరిహద్దునందలి బన్‌గావ్‌లో వైద్యుడు దిలీప్ మహలానబీస్ నరములద్వారా ఎక్కించు ద్రవము చాలకపోగా, ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని నోటిద్వారా త్రావింపజేసెను. త్రాగించుపనిని రోగుల కుటుంబసభ్యులకే అప్పగించెను. ఆయన పర్యవేక్షణలో చికిత్స పొందినవారిలో మరణములు నూటికి 4 కంటె తక్కువకు దిగెను. ఆ ద్రవమునకు అచ్చట పెట్టిన పేరు 'ఓరల్ సెలైన్'. సెలైన్ అనగా ఆస్పత్రిలో ఎక్కించు మందని జనమునకు అదివఱకే తెలియును. తెలిసిన మాటతో చెప్పిన చికిత్సను కుటుంబములు తమంతట చేపట్టగలుగుట ఇందు గమనింపదగినది.

ప్రత్యక్షహాని విషయమున నేటి వైద్యశాస్త్రము స్పష్టమైన కాలపరిమితులను నిర్ణయించినది. బలాత్కారమునకు గురియైన స్త్రీకి హెచ్.ఐ.వి. సోకకుండ నివారించు ఔషధము 72 గంటలలోపల ఆరంభింపవలెను. గర్భము రాకుండ ఇచ్చు అత్యవసర ఔషధము 120 గంటలలోపల ఈయవలెను. ఎంత త్వరగా ఇచ్చిన అంత గుణము. ధనుర్వాతమునకును, హెపటైటిస్ బి వ్యాధికిని టీకాలు వేయవలెను. ఈ చికిత్సలు పల్లెటూరి ఆరోగ్యకేంద్రమునందును చేయదగినవే. అయితే ఇవి ఫలించుటకు ముందు ఒక పని జరుగవలెను. జరిగినది ఇది యని ఆమె ఎవరికైన చెప్పవలెను. వినువారికి ఆ మాట అర్థము కావలెను. వైద్యమునకు గల గడువు గంటలలో ఉన్నది. దక్షిణాసియా చరిత్రలో ఈ విషయమున కొనసాగిన మౌనము దశాబ్దములలో ఉన్నది. ఆ మౌనమునకు కారణములలో భాషయు ఒకటి.

2. పంజాబు విభజన: 'అపహృత'

1947లో దేశవిభజన జరిగినపుడు ఉభయదేశములందును కలిపి సుమారు 75,000 మంది స్త్రీలు అపహరింపబడిరని సామాన్యముగా అంగీకరింపబడిన అంచనా. 1947 డిసెంబరు 6న రెండు ప్రభుత్వములును వీరిని వెదకి తెచ్చి తమ తమ దేశములకు చేర్చుటకు ఒడంబడిక చేసికొనినవి. భారతదేశమున ఈ కార్యమునకు మృదులా సారాభాయి నాయకత్వము వహించెను. 1949 డిసెంబరులో భారతప్రభుత్వము అపహృతవ్యక్తుల పునఃప్రాప్తి, ప్రత్యర్పణ చట్టమును చేసెను. 1957లో ఆ చట్టము గడువు తీఱి అంతరించెను. ఇంచుమించు 8 సంవత్సరములలో రెండు దేశములందును కలిసి సుమారు 30,000 మంది స్త్రీలు ఈ విధముగా తరలింపబడిరి.

ఈ చట్టములో 'అపహృత వ్యక్తి' అను పదమునకు ఇచ్చిన నిర్వచనము భాషాదృష్టితో చదువదగినది. 1947 మార్చి 1వ తేదీకి ముందు ముస్లిమై యుండి, ఆ తేదీ మొదలు 1949 జనవరి 1వ తేదీకి లోపల కుటుంబమునుండి వేఱై, మఱొక వ్యక్తి లేక కుటుంబముతోడనో వారి అధీనమునందో ఉన్నట్లు కనబడిన 16 ఏండ్ల లోపు బాలుడు, లేక ఏ వయస్సు గల స్త్రీ యైనను, అపహృత వ్యక్తియే. ఆ తేదీ తరువాత అట్టి స్త్రీకి పుట్టిన శిశువును ఇందు చేరును. లోకవ్యవహారమున అపహరణ మనగా బలవంతముగా ఎత్తుకొనిపోవుట. ఈ నిర్వచనమునందు బలవంత మను భావమే లేదు. ఎత్తుకొనిపోయినవాడు లేడు, ఆమె సమ్మతి లేదు, ఒక తేదీయు, ఒక మతమును, ఆమె కనబడిన చోటును మాత్రమే కలవు. పురుషునకు 16 ఏండ్లతో సొంత ఇచ్ఛ యేర్పడునని చట్టము తలచినది. స్త్రీకి ఏ వయస్సునందును అది యేర్పడునని తలచలేదు.

ఈ నిర్వచనఫలితము స్త్రీల శరీరములమీదనే పడెను. అపహృతయని తేల్చిన స్త్రీని శిబిరమున నిర్బంధింపవచ్చును. ఆ నిర్బంధమును న్యాయస్థానములో ప్రశ్నింపరాదని చట్టము చెప్పెను. 1952లో పంజాబురాష్ట్రమునకును అజాయబ్‌సింగునకును జరిగిన వ్యాజ్యములో, ఇట్లు తీసికొనిపోవుట రాజ్యాంగము 22వ అధికరణమునందలి 'అరెస్టు' కాదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. అరెస్టు అను పదము వర్తింపనందున ఆ పదముతో వచ్చు రక్షణలును వర్తింపలేదు. ఇష్టములేని స్త్రీలను పంపుట అన్యాయమని, ఈ కార్యములోనే పాల్గొన్న రామేశ్వరీ నెహ్రూ గట్టిగా వాదించెను.

ఇఁక ఆరోగ్యవిషయము. అప్పటి శిక్షాస్మృతి ప్రకారము, తల్లి ప్రాణరక్షణకు తప్ప గర్భస్రావము చేయుట నేరము. వైద్యపరమైన గర్భవిచ్ఛిత్తికి అనుమతినిచ్చు చట్టము భారతదేశమునకు 1971లో గాని రాలేదు. అయినను విభజనకాలమున శిబిరములకు వచ్చిన అనేక గర్భిణులకు ప్రభుత్వవ్యయముతో గర్భస్రావములు జరిగినవని ఊర్వశీ బుటాలియా పరిశోధనయు, ఋతూ మీనన్, కమలా భాసిన్ కలిసి చేసిన పరిశోధనయు 1998లో వెలికితెచ్చినవి. ఆ పనికి అప్పుడు వాడుకలో ఉన్న మాట 'సఫాయా', అనగా శుభ్రపఱచుట. శస్త్రచికిత్సకు పెట్టిన ఈ పేరులోనే ఆమె గర్భము మాలిన్యమను తీర్పు ఇమిడియున్నది. చట్టము నేరమన్న దానిని ఒక మాట ఆచరణలో సాధ్యము చేసినది. అయితే బిడ్డను కనవలెనో వద్దో చెప్పుటకు ఆ మాటలో ఆమెకు చోటు లేదు.

సాహిత్యము దీనిని కొంత ముందుగానే గ్రహించినది. ఉర్దూలో ఇట్టి స్త్రీకి 'మగ్వియా' అని పేరు. రాజిందర్ సింగ్ బేదీ వ్రాసిన 'లాజవంతి' కథలో, తిరిగివచ్చిన భార్యను భర్త ఆదరించును. 'దేవి' యని పిలుచును. కాని ఆమె తనకు జరిగినది చెప్పబోగా వినడు. దేవత యైన స్త్రీకి గాయముండరాదు గదా! పొగడ్త కూడ నోరు మూయించు సాధనము కాగలదని బేదీ గ్రహించిన విషయమునకు, రెండు దశాబ్దముల పిమ్మట ఢాకాలో రాజ్యమే ఉదాహరణముగా నిలిచెను.

3. హైదరాబాదు సంస్థానము: పేరు లేని హాని

పంజాబునందు ఒక చట్టమైనను ఒక పేరును పెట్టినది. అదే కాలమున హైదరాబాదు సంస్థానమున జరిగిన సంఘర్షణలో అదియు లేదు. 1946 మొదలు 1951 అక్టోబరు వఱకు తెలంగాణములో రైతుల సాయుధపోరాటము సాగినది. రజాకార్ల దాడులు, 1948 సెప్టెంబరునందలి పోలీసుచర్య, అటుపిమ్మట గ్రామములమీద సైనికుల, పోలీసుల చర్యలు - ఇవన్నియు స్త్రీలమీద పడినవి. పోలీసుచర్య తరువాతి పరిస్థితిని విచారించుటకు 1948లో భారతప్రభుత్వము పంపిన పండిత సుందర్‌లాల్ సంఘము, సంస్థానమునందలి కొన్ని జిల్లాలలో ముస్లిం స్త్రీల అపహరణములను, వారిమీద జరిగిన బలాత్కారములను తన నివేదికలో ప్రస్తావించెను. ఆ నివేదిక దీర్ఘకాలము ప్రజలకు అందుబాటులోనికి రాలేదు. 2013లో గాని పరిశోధకులు దానిని స్వేచ్ఛగా చూడగలుగలేదు.

పోరాటమున పాల్గొన్న స్త్రీల మాటలు 1986లో స్త్రీశక్తి సంఘటన ప్రకటించిన 'మనకు తెలియని మన చరిత్ర' అను గ్రంథమున మొదటిసారి విస్తారముగా గ్రంథస్థములైనవి. పోరాటము ముగిసిన 35 సంవత్సరములకు వెలువడిన ఈ గ్రంథము ఆరోగ్యచరిత్రకును ఒక ఆకరము. అడవులలో దళములతో తిరుగుట, గర్భముతో నడచుట, కాన్పు తరువాత విశ్రాంతి లేకుండుట, శిశువు ఏడ్పు శత్రువునకు జాడ తెలుపునను భయముచే కన్నబిడ్డను పరులకు ఇచ్చివేయవలసి వచ్చుట - ఇట్టి అనుభవములు ఇందు కలవు. రాజకీయచరిత్రలలో వీనికి ప్రత్యేకమైన శీర్షిక లేదు. దళములలో పనిచేసిన పురుషుని కాలికి తగిలిన తూటా 'గాయము'గా లెక్కింపబడినది. అదే దళములో నడచిన స్త్రీకి కాన్పువలన కలిగిన జబ్బు ఆమె 'ఇంటివిషయము'గా మిగిలినది. హానికి పేరు లేనిచోట అది చరిత్రకు గాని వైద్యమునకు గాని కనబడదు. ఆ స్త్రీల వాడుకభాషను ఆ గ్రంథము సాధ్యమైనంతవఱకు నిలుపుకొనుటవలననే ఈ వివరములు దక్కినవి. అచ్చపు గ్రాంథికభాషలోనికి దిద్దియున్నచో బహుశః చాలభాగము తొలగిపోయెడిది.

4. బంగ్లాదేశము: 'వీరాంగన'

1971 మార్చి 25 రాత్రి మొదలు డిసెంబరు 16 వఱకు, సుమారు 9 నెలల కాలమున, తూర్పు బంగాళములో పాకిస్తాను సైన్యమును దాని స్థానికసహాయకులును బలాత్కరించిన స్త్రీల సంఖ్య 2 లక్షలని బంగ్లాదేశప్రభుత్వము ప్రకటించెను. అంతకెక్కువ యను అంచనాలును కలవు. వీరిని సమాజము బహిష్కరింపకుండునట్లు ప్రభుత్వము 'వీరాంగన' బిరుదము నిచ్చినది. ఆ పదమునకు బంగాళీసాహిత్యమున ఉన్నతస్థానము కలదు. మైకేల్ మధుసూదన దత్తు 1862లో 'వీరాంగనాకావ్యము'ను వ్రాసి పురాణస్త్రీలచేత లేఖలు పలికించెను. యుద్ధపీడితస్త్రీలకు రాజ్యము ఒక గౌరవనామము నిచ్చుట అరుదైన సంగతి. దాని వెనుకనున్న సదుద్దేశ్యమును తక్కువ చేయరాదు.

1972లో ప్రభుత్వము స్త్రీల పునరావాససంస్థను నెలకొల్పినది. శిక్షాస్మృతి గర్భస్రావమును నిషేధించుచున్నను, ఈ స్త్రీల విషయమున ఆ నిషేధము తాత్కాలికముగా సడలింపబడెను. అంతర్జాతీయసంస్థల సహాయముతో విదేశవైద్యులు వచ్చిరి. ఆస్ట్రేలియాకు చెందిన జెఫ్రీ డేవిస్ అందులో ముఖ్యుడు. నెలలు గడచిన గర్భములను తొలగించుట అపాయకరమైన పని. అంతకు ముందే నాటువైద్యముచే గర్భస్రావమునకు ప్రయత్నించి ప్రాణము మీదికి తెచ్చుకొన్నవారును ఉండిరి. పుట్టిన శిశువులకై 1972లో పరిత్యక్తశిశువుల ఉత్తరువు వెలువడినది. దాని ప్రకారము కొందఱు శిశువులు కెనడా మున్నగు దేశములకు దత్తు పోయిరి.

రాజ్యము స్త్రీకి వీరాంగన యని పేరు పెట్టినది. ఆమె కన్న బిడ్డకు 'పరిత్యక్త' యని పేరు పెట్టినది. తల్లులందఱును బిడ్డలను విడువగోరిరా యను ప్రశ్నకు ఈ రెండు పేర్లలో ఏదియు చోటీయలేదు. బిడ్డను ఉంచుకొనదలచిన స్త్రీకి ఈ పదకోశములో స్థానము లేకపోయెను.

ఢాకా విశ్వవిద్యాలయమున బంగాళీ ఆచార్యురాలైన నీలిమా ఇబ్రహీం పునరావాసకార్యమున స్వయముగా పాల్గొని, 1990లలో 'ఆమి బీరాంగొనా బొల్‌ఛి' - 'నేను, వీరాంగనను, చెప్పుచున్నాను' - అను గ్రంథమును రెండు భాగములుగా ప్రకటించెను. ఒక భాషాశాఖాచార్యురాలు ఈ పనికి పూనుకొనుట ఈ వ్యాసమునకు ప్రత్యేకముగా స్మరణీయము. 1999లో శిల్పి ఫిర్దౌసీ ప్రియభాషిణి తన అనుభవమును బహిరంగముగా చెప్పెను. 2015లో ప్రభుత్వము వీరాంగనలను 'ముక్తియోద్ధలు'గా, అనగా విమోచనయోధులుగా, గుర్తింప నారంభించెను. దానితో యోధులకు లభించు భృతికి వారు అర్హులైరి. 1971 నాటి బిరుదము గౌరవము నిచ్చినది గాని హక్కు నీయలేదు. 2015 నాటి పదము హక్కు నిచ్చినది. రెంటికిని నడుమ 44 సంవత్సరములు గడచినవి. అప్పటికి అనేకులు వృద్ధలు, మఱెందఱో కాలగతి చెందినవారు.

1972 నాటి అనుభవము ఆ దేశపు వైద్యవ్యవహారములో మఱొక పదమునకు దారితీసినదని చెప్పవచ్చును. యుద్ధానంతరము ఆ దేశమున నెలకొన్న సేవలలోనుండియే, 'ఋతుక్రమమును సరిచేయుట' యను అర్థమిచ్చు పేరుతో, తొలివారములలో గర్భాశయమును ఖాళీచేయు సేవ ఏర్పడి, 1979 నాటికి జాతీయ కుటుంబనియంత్రణ కార్యక్రమమున భాగమయ్యెను. గర్భస్రావ మను మాట వాడబడలేదు, శిక్షాస్మృతియు మాఱలేదు. పంజాబునందలి 'సఫాయా' వలెనే ఇదియు చట్టమునకు ప్రక్కగా నడచిన మాటయే. భేదమేమనగా, ఈ మాట స్త్రీని మలినయని చెప్పదు. ఆమె స్వయముగా వచ్చి అడుగుటకు వీలైన మాట.

5. నేపాళము: 'ద్వంద్వపీడిత'

నేపాళములో 1996 ఫిబ్రవరి మొదలు 2006 నవంబరు వఱకు మావోయిస్టులకును ప్రభుత్వమునకును సాయుధసంఘర్షణ జరిగినది. మృతులు సుమారు 17,000. నేపాళీభాషలో సంఘర్షణమునకు 'ద్వంద్వ' మని పేరు, సంఘర్షణబాధితులు 'ద్వంద్వపీడితులు'. తెలుగున ద్వంద్వ మనగా జంట, లేక సమాసభేదము. ఒకే తత్సమము భాషాభేదముచే ఎంత దూరము పోవునో దీనివలన తెలియును.

శాంతి యేర్పడిన తరువాత ఈ పీడితులకు ప్రభుత్వము తాత్కాలిక ఉపశమనము ప్రకటించినది. మృతుల కుటుంబములు, అదృశ్యులైనవారి కుటుంబములు, అంగవికలురు, క్షతగాత్రులు, నిర్వాసితులు అందులో చేరిరి. బలాత్కారమునకు గురియైన స్త్రీలు చేరలేదు. భర్త మరణించిన స్త్రీ 'విధవ'గా పీడిత. ఆమెకే జరిగిన బలాత్కారము ఆమెను పీడితను చేయలేదు. పేరునకు వెలుపల ఉండుట యనగా చికిత్సావ్యయమునకును వెలుపల ఉండుటయే.

అంతేకాక అప్పటి నేపాళ చట్టము ప్రకారము బలాత్కారము జరిగిన 35 దినములలోపల ఫిర్యాదు చేయవలెను. సైనికుల శిబిరము ప్రక్కనే ఉన్న ఊరిలో, ఫిర్యాదు పుచ్చుకొనువాడును భయకారణమే యైనపుడు, 35 దినములకు అర్థము లేదు. ఈ గడువు 2015లో 180 దినములకును, 2018లో ఒక సంవత్సరమునకును, 2022లో రెండు సంవత్సరములకును పెంచబడెను. 2024లో సత్యనిరూపణ, సమాధాన సంఘమునకు సంబంధించిన చట్టము సవరింపబడి, బలాత్కారమును తీవ్రమైన లైంగికహింసయు మానవాధికారముల తీవ్రోల్లంఘనములుగా పేర్కొనబడినవి. సంఘర్షణ ముగిసిన 18 సంవత్సరములకు ఆ హాని ఆ పట్టికలో తన పేరుతో కనబడినది.

6. గౌరవవాచకములు, దేహవాచకములు

ఈ నాలుగు చరిత్రలను కలిపి చూచిన ఒక సామాన్యాంశము తేలును. దక్షిణాసియా భాషలు ఈ హానిని చెప్పుటకు దేహమును గాక గౌరవమును ఆధారము చేసికొన్నవి. తెలుగున చిరకాలముగా వాడుకలో నున్న 'మానభంగము' అను పదమునకు మూలార్థము గౌరవభంగము. తమిళమున 'కఱ్పళిప్పు' అనగా పాతివ్రత్యనాశనము. ఇటీవలి రచయితలు దానిని విడిచి 'వన్‌పుణర్వు' అను పదమును వాడుచున్నారు. తెలుగునందలి 'చెఱచు' అను క్రియ 'చెడు' ధాతువునకు ప్రేరణరూపము; చెడినది ఆమెయే యని దాని ధ్వని. 'బలాత్కార'మను పదము వీనికంటె మేలైనది. బలముచే చేయుట యను దాని యర్థము చేసినవాని వైపు చూపును.

పదములు భాషనుండి భాషకు పోవునపుడు మఱియొక చిక్కు కలదు. హిందీయందును బంగాళీయందును 'అత్యాచార్' అనగా పీడనము, దౌర్జన్యము. నేటి తెలుగున అది బలాత్కారమునకే రూఢి. ఒక బంగాళీ వాఙ్మూలమునందలి 'అత్యాచార్'ను తెలుగువాడు అట్లే నిలిపినయెడల, కొట్టిన దెబ్బ బలాత్కారమగును. తెలుగు వాఙ్మూలము హిందీకి పోయినయెడల బలాత్కారము కేవలదౌర్జన్యమై మరుగున పడును. రెండవ పొరపాటున ఒక స్త్రీకి 72 గంటలలో అందవలసిన ఔషధము అందకపోవచ్చును. తత్సమములను గూర్చి అనువాదకులు చూపవలసిన జాగ్రత్తకు ఇంతకంటె గట్టి కారణ మక్కఱలేదు.

ఈ లోపము దక్షిణాసియాకే పరిమితము కాదు. 1949 నాటి నాలుగవ జెనీవా ఒడంబడిక 27వ అధికరణము స్త్రీలను వారి 'గౌరవము'మీద దాడినుండి కాపాడవలెనని చెప్పి, అందులో భాగముగా బలాత్కారమును పేర్కొనెను. 1998లో రువాండా నేరముల అంతర్జాతీయ న్యాయస్థానము అకయేసు వ్యాజ్యములో ఇచ్చిన తీర్పు ఈ దృష్టిని మార్చెను. నిర్బంధపరిస్థితులలో వ్యక్తిమీద జరుగు లైంగికస్వభావము గల దేహాక్రమణమే బలాత్కారమని అది నిర్వచించి, అట్టి చర్య జాతివిధ్వంసమున భాగము కాగలదని చెప్పెను. అదే సంవత్సరమునందలి రోము శాసనము దీనిని యుద్ధనేరముగను, మానవత్వమునకు విరుద్ధమైన నేరముగను ప్రత్యేకముగా పేర్కొనెను. 2000లో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 1325వ తీర్మానమును, 2008లో 1820వ తీర్మానమును చేసెను. చట్టభాష అర్ధశతాబ్దికాలములో గౌరవమునుండి దేహమునకు, కుటుంబమునుండి వ్యక్తికి మరలినది.

గౌరవవాచకమునకును ఆరోగ్యమునకును గల విరోధము 1947 మార్చిలో రావల్పిండి జిల్లాలోని థోహా ఖాల్సా గ్రామమున అత్యంతదారుణముగా బయటపడెను. దాడికి భయపడి అచ్చట సుమారు 90 మంది స్త్రీలు బావిలో దూకిరి. దానిని గ్రామస్థులు బలిదానముగా స్మరించుకొనిరి. గౌరవమే రక్షింపవలసిన వస్తువైనపుడు దేహము త్యజింపదగినదగును. దేహమే రక్షింపవలసినదని భాష అంగీకరించినపుడే వైద్యునికి పని యేర్పడును.

7. భాషాశాఖల కర్తవ్యము

ఇందుమూలముగా భారతీయభాషాశాఖలకు కొన్ని స్పష్టమైన పనులు కనబడుచున్నవి. మొదటిది, వైద్యశాలలందును శిబిరములందును పనిచేయువారికి ఉపయోగపడు పదసూచికలు. స్త్రీ వైద్యునితో 'బలాత్కారము' అని చెప్పకపోవచ్చును. కడుపునొప్పి యనియో, నెలసరి తప్పినదనియో, నిద్ర పట్టదనియో చెప్పవచ్చును. ప్రతి ప్రాంతమునందును ఈ పరోక్షోక్తులను సేకరించి, వినువారికి ముందుగా తెలియజేయవలెను. మాండలికపరిశోధన వృత్తిపదములను, వ్యవసాయపదములను విస్తారముగా సేకరించినది. స్త్రీలు తమ శరీరమును గూర్చి చెప్పుకొను మాటలను ఆ మేరకు సేకరింపలేదు.

రెండవది, వాఙ్మూలముల అనువాదమునకు నియమములు. ద్వంద్వము, అత్యాచారము, ధర్షణము వంటి సమానరూప పదములు ఏ భాషలో ఏ అర్థమున నున్నవో చూపు బహుభాషాపట్టికను ఏ ఒక్క శాఖయు ఒంటరిగా చేయజాలదు. బంగాళీ, నేపాళీ, తమిళ, ఉర్దూ, తెలుగు శాఖలు కలిసి చేయవలసిన పని యిది.

మూడవది, పరిభాషాపరిష్కారము. భారతదేశమున 2013లో చేర్చబడి, ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో కొనసాగుచున్న నిబంధన ప్రకారము, బలాత్కారబాధితురాలికి ప్రభుత్వ వైద్యశాలయైనను ప్రైవేటు వైద్యశాలయైనను వెంటనే ఉచితముగా చికిత్స చేయవలెను. ఈ హక్కును తెలుపు ప్రకటనలను వ్రాయునపుడు, 'మానము కోల్పోయిన' యని ఆరంభించిన వాక్యము చదువరిని వెనుకకు నెట్టును. ఏమి జరిగినదో, ఎన్ని గంటలలోపల రావలెనో, ఏ మందు దొరకునో తేటమాటలలో చెప్పిన వాక్యము ఆమెను వైద్యశాలవఱకు నడిపింపగలదు. అట్టి వాక్యములను ప్రతిభాషలోను సిద్ధము చేసి, గ్రామస్త్రీలకు చదివి వినిపించి, వారికి అర్థమైనవానిని నిలిపి, కానివానిని దిద్దుట పరిశోధకులకు చిన్నతనము కాదు.

బంగ్లాదేశస్త్రీలకు ఒక్క అచ్చు చేసిన అపకారమును పైని చూచితిమి. ఆ పేరును నిర్ణయించిననాడు, అది సంతలో, చెఱువుగట్టున, అత్తవారింట ఎట్లు పలుకబడునో ఆ స్త్రీలనే అడిగియున్నచో మఱొక పదము దొరకియుండెడిదేమో. ఇఁకముందు ఏ సంఘర్షణానంతరమునందైనను, పేరు పెట్టుటకు ముందు, ఆ పేరును మోయవలసినవారిని అడుగుట మొదటి నియమము కావలెను.